ఝపటాపూర్‌లో మేం పెట్టిన ప్రార్థన

ఖరిదా బజారులో సాంబారు తియ్యగా ఉంటుంది. మా తాత రైల్వే వర్క్‌షాపులో పని కోసం శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరొచ్చాడు. అప్పటినుంచీ సాంబారులో పంచదార వెయ్యొద్దని మావాళ్లు చెబుతూనే ఉన్నారు, వీళ్లు వేస్తూనే ఉన్నారు. ఈ ఒక్క విషయంలో మాకూ బెంగాలుకూ ఇంకా రాజీ కుదరలేదు. ఆ శనివారం ఉదయం కూడా ఇడ్లీ ముందు పెట్టుకుని ఇదే గొడవ చెబుతుంటే, ఎదురుగా కూర్చున్న లాయరు దీదీ తన సాంబారు పూర్తిగా తాగేసి, "బాగానే ఉంది కదా?" అని హిందీలో అడిగింది.

అప్పుడే నా ఫోను మోగింది. మేం కేసు పని మీద కలవబోతున్న పిల్ల తల్లి.

"బాబూ, జీపులో రాకండి. జీపొస్తే ఈదంతా గుమ్మాల్లోకొచ్చి నిలబడతాది."

"మరెలా రమ్మంటారమ్మా?"

"పార్దనకొచ్చినామని సెప్పండి. పార్దనంటే ఎవలూ ఏటీ అడగరు."

నా ఉద్యోగం గురించి చెప్పుకోవడం కొంచెం ఇబ్బంది. నేరాల్లో దెబ్బతిన్న పిల్లలకు పోలీసులు, ఆసుపత్రి, కౌన్సెలరు, ఉచితంగా వాదించే లాయరు కలిసికట్టుగా సాయం చేస్తున్నారా లేదా అన్నది చూసి చెప్పడం నా పని. సాయం చేసేది వాళ్లు. నేను చూసేవాణ్ని. పెళ్లిలో గరిటె పట్టకుండా పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పే పెద్దమనిషి పదవి లాంటిది.

పథకం మంచిదే. పిల్ల తనకి జరిగింది ప్రతి ఆఫీసు గుమ్మంలోనూ మళ్లీ మళ్లీ చెప్పుకోకుండా, అందరూ ఒకేచోట కూర్చుని ఒక్కసారి వినాలి. ఈ పిల్ల విషయంలో ఆ కూర్చోవడం అప్పటిదాకా జరగలేదు. ఆమె అన్ని గుమ్మాల్లోనూ చెప్పింది. సోమవారం కోర్టులో ఇంకోసారి చెప్పాలి. చెబుతుందో లేదో మాలో ఎవరికీ తెలియదు. ఆమె చెప్పకపోతే కేసు లేదు.

పిల్లకి పదహారేళ్లు. లెక్క తప్పు చేసిందని ట్యూషన్ మాస్టారు చెంప మీద కొట్టాడు. ఎడమ చెవి పోయింది. ఆ మాస్టారి దగ్గర చదివి రైల్వే పరీక్ష ప్యాసైనవాళ్లు ఆ వీధినిండా ఉన్నారు. కాబట్టి వీధి దృష్టిలో అది నేరం కాదు, కాస్త గట్టిగా చెప్పిన పాఠం. మాస్టారు బెయిలు మీద వచ్చి అదే వీధిలో ఉంటున్నాడు. కేసు వదిలేస్తారా అని అడిగిన ప్రతివాళ్లకూ తల్లి "ఆలోచిస్తన్నాం" అని చెబుతూ నెట్టుకొస్తోంది. ఇంటికి లాయరు వచ్చిందని తెలిస్తే, ఆ ఆలోచన ఎటు నడుస్తోందో సోమవారం లోపలే అందరికీ తెలిసిపోతుంది.

పోలీసు అధికారిని మాత్రం రావద్దని బతిమాలుకున్నాం. మంచివాడే. కాని ఏ బట్టలు వేసుకున్నా పోలీసులాగే ఉంటాడు. మిగిలిన ముగ్గురం, దీదీ, ఆసుపత్రి కౌన్సెలరమ్మాయి, నేను, బ్యాటరీతో నడిచే టోటో రిక్షా ఒకటి మాట్లాడుకుని ఝపటాపూర్ బయల్దేరాం. ఆ ఇంటివాళ్లు ఎప్పటినుంచో క్రైస్తవులు. మా ముగ్గురిలో ఒక్కరమూ కాదు. చిన్నప్పుడు క్వార్టర్సులో పక్కింటివాళ్ల క్రిస్మస్ కేకు తిన్న అర్హతతో నేను పండితుణ్నయ్యాను.

"ఎవరైనా నిజంగా ప్రార్థన మొదలుపెడితే?" అంది దీదీ. ఆవిడకి తెలుగు ఒక్క ముక్క రాదు. కౌన్సెలరమ్మాయికీ అంతే.

"కళ్లు మూసుకోండి. గొంతు ఆగినప్పుడు ఆమెన్ అనండి."

"అంతేనా?"

"అంతే. కోర్టు కంటే సులువు."

ముందుగదిలో పిల్ల కుర్చీలో కూర్చుని ఉంది. మేం ఆమెకు కుడివైపు మంచం మీద సర్దుకున్నాం. దీదీ హిందీలో మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది: సోమవారం ఎటు నిలబడాలి, మాస్టారు కనబడకుండా మధ్యలో తెర ఎలా ఉంటుంది, తెలియనిదాన్ని తెలియదనడం తప్పు కాదు. పిల్ల వింటోంది. ఒకసారి తల కూడా ఊపింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"పార్దనంట కదే! నన్ను పిలవనేదేటే?"

గుమ్మంలో ఒక ముసలావిడ. చంకలో బైబిలు, చేతిలో సొంత ప్లాస్టిక్ స్టూలు.

తల్లి మొహంలో రంగు పోయింది. "మాస్టారి తల్లి," అంది నాకు మాత్రమే వినబడేలా.

ఇంటి ప్రార్థనకి వచ్చినవాళ్లని పొమ్మనే పద్ధతి లేదు. ఇంత ఏర్పాటు చేసిన మాకు ఆ సంగతి అప్పుడే తట్టింది. ఆవిడ స్టూలు తెచ్చి పిల్లకి ఎడమపక్కన, దగ్గరగా వేసుకుంది.

"వందనాలు బాబూ. మీది ఏ సంగం?"

"హిజ్లీ వైపండి," అన్నాను. నేనుండేది అటే.

"పాస్టరుగారా?"

"ఇంకా కాలేదండి."

"ఐతే నానే సేస్తాను. కల్లు మూసుకోండి."

మూసుకున్నాం. మొదట అందరి ఆరోగ్యం, తర్వాత వర్క్‌షాపులో పనిచేసేవాళ్ల కాళ్లూ చేతులూ. గొంతు ఆగింది. ఆమెన్ అన్నాం. దీదీ చక్కగా పలికింది. అంతవరకూ ఏ ఇబ్బందీ లేదు. అప్పుడు ఆవిడ గొంతు తగ్గించింది.

"తండ్రీ, మావోడు కోపిష్టోడు. పిల్లని కొట్టినాడు. తప్పే. నీకు తెల్దా? ఆడు అన్నం మానేసినాడు. ఆడు జైలుకెల్తే నన్నెవలు సూస్తారు తండ్రీ? ఈ తల్లి మనసు నువ్వే మెత్తన సెయ్యి. సోమారం నాడు ఈ పిల్ల కోర్టు మెట్టెక్కకుండా నువ్వే ఆపు తండ్రీ."

గొంతు ఆగింది.

దేవుడితో మాట్లాడుతున్న మనిషిని మధ్యలో ఆపి, మీ వాదన ఒప్పుకోమండీ అని ఎవరంటారు? చెయ్యగలిగిందల్లా నోరు మూసుకోవడం. తల్లి పెదాలు బిగించుకుని కూర్చుంది. నేను కళ్లు తెరిచి దీదీ చెయ్యి పట్టుకోబోయాను. అప్పటికే ఆలస్యమైంది.

"ఆమెన్," అంది దీదీ, కళ్లు గట్టిగా మూసుకుని, కోర్టు హాలంతా వినబడే గొంతుతో. కౌన్సెలరమ్మాయి కూడా అందుకుంది.

ముసలావిడ కళ్లు తెరిచింది. నవ్వలేదు.

"సూసినావేటే," అంది తల్లితో. "మీ ఒకీలమ్మే ఆమెన్ అనేసినాది."

"ఒకీలమ్మెవలు పిన్నీ..."

"బెయిలు నాడు నల్లకోటేసుకుని నీ పక్కన నిలబడ్డ మనిసిని నాను మర్సిపోతానేటి? నానూ అక్కడే ఉన్నాను. నా కొడుకు కోసం."

దీదీ నా మోచెయ్యి తట్టి, ఏమంటోందని కళ్లతోనే అడిగింది. తన కక్షిదారు తరఫున తానేం ఒప్పుకుందో ఆ క్షణంలో చెప్పడం బావుండదనిపించింది.

ముసలావిడ పిల్ల ఎడమచెవి దగ్గరకు వంగి గట్టిగా అడిగింది. "నువ్వు అననేదేటమ్మా? ఇనపడనేదా?"

పిల్ల తల తిప్పి ఆవిడ కళ్లలోకి చూసింది. "ఇనపడినాది మామ్మా."

"మరి?"

"నాననను."

ముసలావిడ మోకాళ్లు పట్టుకుని లేచి, పిల్ల తల మీద చెయ్యి వేసింది.

"సోమారం నాను ఉపాసముంటాను. నీ కోసం కూడా." గుమ్మం దాటాక వెనక్కి తిరిగింది. "స్టూలు ఇక్కడే ఉండనియ్యండి. రేపు మల్లీ ఒస్తాను."

తను దేనికి ఆమెన్ అందో అప్పుడు దీదీకి చెప్పాను. వినగానే దీదీ పిల్ల కుడివైపుకి జరిగి, అలాంటి ఆమెన్‌కి కోర్టులో విలువ లేదని హిందీలో నచ్చజెప్పింది. కౌన్సెలరమ్మాయి మంచినీళ్లు తెచ్చింది. తల్లి వీధి తలుపు వేసి, మళ్లీ తెరిచి, మళ్లీ వేసింది. ఇక సోమవారం దాకా ఆ తలుపు ఎన్నిసార్లు ఎవరు తడతారో ఆమెకు తెలుసు.

నేను అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది. అడగకుండా వచ్చేయవచ్చు. కాని చేతకానప్పుడు పని చేసినట్టు కనబడడం మా శాఖలో అలవాటు.

"అమ్మా, నీకు సాయం చెయ్యడానికి వచ్చినవాళ్లు ఒకళ్లతో ఒకళ్లు కలిసి పనిచేస్తున్నారని నీకనిపించిందా?"

పిల్ల మా ముగ్గురినీ వరసగా చూసింది.

"మీరందరూ కలిసి ఒకే అబద్దం ఆడి ఒచ్చినారు అంకుల్. సోమారం నిజం మాత్రం నానొక్కదాన్నే సెప్పాలా?"