తలుపు మీద లారీ కాయితం

"కాయితం పోతే పోయింది. తలుపుందా?" అంది మా మేనత్త.

"ఉందత్తా. నీ మంచం పక్కనే ఉంది," అన్నాను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. పొద్దు వాలేలోపు ఆవిడ పోయింది.

ఆ తలుపు సంగతి నా చిన్నప్పటిది. అమ్మ లేదు, మేనత్తే నన్ను పెంచేది. నాకప్పుడు ఏడేళ్లు. ఘంటసాల వైపు నుంచి గుడివాడ మిల్లుకి నాన్న ధాన్యం బండి తోలుకెళ్తున్నాడు. బస్తాల మీద నేనూ, మేనత్తా కూర్చున్నాం. ఆవిడ గుడివాడలో ఒక లారీ ఆఫీసు ఊడ్చేది. కాలవ వంతెన దాటగానే వెనకనుంచి లారీ వచ్చి గుద్దింది. కాడి విరిగింది. ఒక ఎద్దు పొట్ట చీలిపోయింది. నేను కాలవ గట్టు బురదలో పడి లేచి చూసేసరికి నాన్న చక్రం కింద ఉన్నాడు. ఆయన చుట్టూ ఒలికిన ధాన్యం ఎర్రగా తడిసింది.

పొలాల్లోంచి జనం పరిగెత్తుకొచ్చారు. డ్రైవర్ని జుట్టు పట్టి లాగారు. విరిగిన బండి కర్రలతోనే కొట్టారు. వాడి పళ్లు రాలడం నేను చూశాను. నాన్న మీద పడి ఏడవాల్సిన మేనత్త వెళ్లి ఆ డ్రైవరు మీద పడింది. ఆగని దెబ్బ ఒకటి ఆవిడ ఎడమ చేతిని విరిచింది. ఆ చెయ్యి చచ్చేదాకా వంకరే. జనం బిత్తరపోయి ఆగారు. ఆవిడ వాడి చెవిలో ఏదో అడిగింది. వాడు నెత్తుటి వేలితో లారీలోని దేవుడి పటం చూపించాడు.

"ఎక్కవే. పటం వెనక మడత కాయితం ఉంటుంది, తే," అంది నాతో.

పగిలిన అద్దాల మీద కాళ్లు కోసుకుంటూ ఎక్కి తెచ్చాను. ఆవిడ రవికెలో దోపుకుంది.

పోలీసులు వచ్చేలోపే ఓనరు మనుషులు లారీ తోలుకుపోయారు. డ్రైవరు మళ్లీ ఎవరికీ కనబడలేదు. ఆ రోజు ఆ దారిన తన లారీ రానేలేదన్నాడు ఓనరు.

డ్రైవరు మీద జాలిపడ్డావా అని అడిగాను. "జాలా? వాడు చస్తే కాయితం ఎక్కడుందో ఎవడు చెబుతాడే?" అంది. అది లారీ ఇన్సూరెన్సు కాయితమట. లారీ ఆఫీసులో రోజూ చూసిన మనిషి కదా, విడమరిచి చెప్పింది. పేరు ఓనరుది, దగ్గర పెట్టుకునేది డ్రైవరు, డబ్బు ఇవ్వాల్సింది కంపెనీ. లారీ కింద పడి చచ్చినవాడి ఇంటికే దానితో అవసరం. ఊరికే చేతిలో పట్టుకుంటే పైసా రాదు, ఎవరిని అడగాలో మాత్రం దాని మీద ఉంటుంది. అందుకని, కాయితం పోయినా అది మిగలాలని, నా చేతికి మేకిచ్చి, తలుపు చెక్క మీద మొత్తం గీయమంది. నాకు అంకెలే వచ్చు. ఇంగ్లీషు అక్షరాలు ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు గీశాను.

మూడో రోజు ఓనరు మనుషులొచ్చారు. తలుపు తన్ని లోపలికి వచ్చి, మేనత్త విరిగిన చెయ్యే పట్టి మెలిపెట్టి, కాయితం లాక్కుని అగ్గిపుల్ల గీశారు. నాన్న శవం దగ్గర కంటతడి పెట్టని మనిషి అప్పుడు గుండెలు బాదుకుని, వాళ్ల కాళ్లు పట్టుకుని, మా బతుకు కాలిపోయిందని ఏడ్చింది. ఇక అడ్డు లేదనుకుని వాళ్లు నవ్వుకుంటూ పోయారు. వాళ్లు తన్నిన తలుపు గోడకి ఆని ఉంది, గీతలు గోడవైపు.

ఆవిడ ముక్కు చీదుకుని, చేరిన ఇరుగుపొరుగుతో, "తలుపు ఊడదీయండి," అంది.

బందరు బస్సు పైన దాన్ని కట్టించాం. "మంచాలు చూశాను, మేకల్ని చూశాను. తలుపేంటి పిన్నిగారూ?" అన్నాడు కండక్టరు. "ఇంటికి గొళ్లెం పెట్టడం మర్చిపోతానని వెంట తెచ్చుకున్నాలే. టిక్కెట్టు కొట్టు," అంది.

బందరులో ప్లీడరు గారు ఒక్కో గీతా వేలితో తడిమి రాసుకున్నారు. కంపెనీ పుస్తకంలో ఆ లారీ ఉంది, అవే అంకెలు ఉన్నాయి. ఆ దారిన రాని లారీలోని కాయితం, చదువురాని ఆడదాని తలుపు మీదికి ఎలా వచ్చిందని కోర్టులో అడిగారు. ఏళ్లు పట్టినా డబ్బు వచ్చింది. మేం ఆకలికి చావలేదు.

మా ఆయన పోయాక హంసలదీవి నుంచి ఎండుచేపలు వ్యాన్లకెత్తిస్తున్నాను. ఏ డ్రైవరైనా కాయితం చూపించాకే బుట్ట ఎక్కుతుంది. చదవలేను. అంకెలు మాత్రం మేకుతో గోడ మీద గీసుకుంటాను. నా గోడ చూసి నవ్వేవాళ్లు ఉన్నారు, నవ్వనీ.

మనవరాలా, రాయడం అయిందా? మాట నాది, కాయితం నీ చేతిలో ఉంది. ఏదీ, మొదటినుంచి చదివి వినిపించు.