కత్తి చేతిలో ఉండగా

మా వీధిలో నీళ్ళకు కరువుంటుంది, బండి ఆపుకునే చోటుకు కరువుంటుంది. అభిప్రాయాలకు మాత్రం ఏనాడూ కరువు లేదు. అవన్నీ వచ్చి చేరేది నా ఫోన్ రిపేరు కొట్టును ఆనుకుని ఉన్న సెలూన్లో. మా రెండు కొట్లకూ మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడ. వద్దనుకున్నా అన్నీ వినబడతాయి.

ఆ సెలూను నడిపే పెద్దాయనను వీధంతా వెనక నుంచి 'అవునండి' అంటుంది. నేను బాబాయ్ అంటాను. ఆ పేరు ఊరికే రాలేదు. రిటైరైన లెక్కల మాస్టారు కుర్చీ ఎక్కి, "ఫోన్లు మన మాటలు వింటున్నాయోయ్. నిన్న మా ఆవిడతో మోకాళ్ళ నొప్పి అన్నానా, పొద్దున్నే ఫోన్లో మోకాలి పట్టీల ప్రకటన" అంటారు. "అవునండీ" అంటాడు బాబాయ్. ఆయన దిగగానే ఆటో డ్రైవరు ఎక్కుతాడు. "మాస్టారి మోకాళ్ళ సంగతి వినడానికి ఫోనుకేం పనీపాటా లేదా? అంతా భ్రమ" అంటాడు. దానికీ "అవునండీ." ఏసీల వల్లే ఎండలు మండుతున్నాయంటే అవునండీ, ఏసీ లేకపోతే చస్తామంటే అవునండీ. కరెంటు బండ్లు గాలిని కాపాడతాయన్నా, ఆ బ్యాటరీలను రేపు ఎవడి నెత్తిన పూడుస్తారన్నా అదే మాట. చంద్రుడి మీదికి రాకెట్లెందుకు, ముందు వీధిలో గుంతలు పూడ్చమనండి అని ఒకాయన అంటే అవును. రాకెట్లు లేకపోతే తుఫాను సంగతి ముందుగా ఎవడు చెప్తాడని ఇంకొకాయన అంటే అదీ అవునే. పాత ప్రభుత్వం దొంగలదట, కొత్తది గజదొంగలదట. ఆయనకు రెండూ ఒప్పే.

నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు అడిగేశాను. "నీకంటూ ఒక అభిప్రాయం ఏడవదా బాబాయ్?"

ఆయన కత్తి తుడుస్తూ నవ్వాడు. "మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం గెడ్డం గీయడం కాదురా. కత్తి చేతిలో ఉండగా కాదనకూడదు. కాదన్నామనుకో, కుర్చీలో మనిషి ఏంటీ అని మెడ తిప్పుతాడు. తిప్పితే గాటు పడుద్ది. ఆయన అభిప్రాయం ఎలా పోతే నాకేంటి, మెడ బాగుంటే చాలు."

"కత్తి చేతిలో లేనప్పుడు చెప్పొచ్చుగా?"

"ఎప్పుడు లేదు?" అన్నాడు.

షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా ఆయన చేతిలో కత్తో, కత్తెరో ఉండనే ఉంటుంది. ఇంటికెళ్ళాక అలసిపోయి తిని పడుకుంటాడు. అలా ఒక మనిషి జీవితమంతా ఎవరికీ గాటు పడకుండా గడిచిపోయింది. ఆయన గురించి చెప్పడానికి ఇంకేమీ ఉండేది కాదు, మా వీధి వెనక ఆ రేకుల షెడ్డు లేకపోతే.

మురుగు కాలవ గట్టున ఉంటుందది. పాత ఫోన్లు, కంప్యూటర్లు, వైర్లు, బ్యాటరీలు లారీల్లో వస్తాయి. పగలంతా సుత్తుల చప్పుడు. సాయంత్రం లైట్లు వేసే వేళకు రాగి కోసం వైర్లు కుప్పపోసి తగలబెడతారు. నల్లటి పొగ మా వీధి మీదుగా పోతుంది. ముక్కులోంచి దిగి నాలిక మీద చేదుగా కూర్చుంటుంది. షెడ్డు గురించి నేనెప్పుడూ నోరెత్తలేదు. నా కొట్లో చచ్చిన ఫోన్లూ, ఉబ్బిన బ్యాటరీలూ అక్కడికే పోతాయి మరి.

బాబాయ్ ఇల్లు ఆ షెడ్డుకు ఎదురుగా ఉంటుంది. పిన్నికి దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు, నిలబడి దగ్గలేక గోడ పట్టుకునే దగ్గు. ఇంకో చలికాలం ఈ పొగలో ఉంచవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇల్లు మారే స్తోమత వాళ్ళకు లేదు. అందుకని వాళ్ళమ్మాయి షెడ్డును మార్పిద్దామని నడుం కట్టింది. ఆ అమ్మాయి హైస్కూల్లో సైన్సు టీచరు. అభిప్రాయాలంటే చిరాకు, ఏదైనా చూపించమంటుంది. డాబా మీద తెల్లగుడ్డ ఆరేసి, రోజూ సాయంత్రం అది ఎంత నల్లబడిందో ఫోటో తీసింది. అమ్మ పేరు మీద ఫిర్యాదు రాసి, సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగింది. సెలూన్లో గంటల తరబడి పర్యావరణం గురించి దంచేవాళ్ళంతా ఆ కాగితం చూడగానే కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయారు. నేనూ కొట్లో చాలా పనుందన్నాను. కాగితం మీద చివరికి తల్లీకూతుళ్ళ సంతకాలే మిగిలాయి.

షెడ్డు లైసెన్సు గడువు ముగియబోతోంది. ఫిర్యాదు మీద విచారణకు ఇన్‌స్పెక్టరు వస్తాడని కబురొచ్చింది. ఫిర్యాదు నిలిస్తే షెడ్డు లేచిపోతుంది. కొట్టేస్తే కొత్త లైసెన్సు, మళ్ళీ ఏళ్ళ తరబడి పొగ.

ఆ వారంలోనే షెడ్డాయన గెడ్డానికి వచ్చాడు. చేతిలో కొత్త ఫోను. "దీంట్లో గొంతు ఎంత స్పష్టంగా పడుతుందో చూడు పెద్దాయనా" అంటూ అద్దం ముందు నిలబెట్టి, వీడియో ఆన్ చేసి కుర్చీలో వెనక్కి వాలాడు. బాబాయ్ నురగ పూసి కత్తి ఎత్తాడు. షెడ్డాయన తీరిగ్గా మాట్లాడాడు. ఈ రోజుల్లో దగ్గు ఎవరికి లేదు, వయసొస్తే దగ్గు రాదా అన్నాడు. అవునండీ. మీ ఇంటావిడకు మా షెడ్డు రాకముందు నుంచీ ఉన్నదే కదా. అవునండీ. అయినా ఆ పొగ ఎంతసేపుంటుంది, అగరొత్తి పొగంత. అవునండీ. చెక్క గోడ ఇవతల నాకు అన్నీ వినబడుతున్నాయి. ఫోను రికార్డు చేస్తోందని తెలిసీ నేను లేచి వెళ్ళలేదు.

మధ్యాహ్నానికల్లా అది వీధి గ్రూపులో ఉంది. కింద చప్పట్ల బొమ్మలు.

మర్నాడు బాబాయ్ షట్టరు ఎత్తి, కత్తెర తీయకుండా నా కొట్టు ముందు నిలబడ్డాడు.

"అమ్మాయి మాట్లాడటం లేదురా."

"పిన్ని ఏమంది?"

"ఆ వీడియో రెండోసారి పెట్టమంది. మొత్తం విని వంటింట్లోకి పోయింది. అక్కడ దగ్గుతుంటే వినబడింది. తలుపేసుకుని మరీ దగ్గింది."

"అలవాటులో అన్నానని చెప్పకపోయావా?"

"చెప్పాను. అలవాటులో నన్ను కూడా అమ్మేస్తావా నాన్నా అంది అమ్మాయి." ఆయన చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. అవి పొడిగానే ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పొగ వేళకు కాదు, పొద్దున్నే వచ్చాడు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినట్టున్నాడు, మాసిన గెడ్డం. బస్టాండు నుంచి ఆయన్ను తెచ్చింది షెడ్డాయనే. నేరుగా షెడ్డుకు కాకుండా సెలూనుకు తెచ్చాడు. "ముందు ఫ్రెష్ అవండి సార్. మా పెద్దాయన చెయ్యి వెన్న. వీధి సంగతులు కూడా ఈయన్నే అడగొచ్చు. ఫిర్యాదు పెట్టినావిడకు స్వయానా భర్త" అన్నాడు. ఎవరినీ తొందరపెట్టని మర్యాదగల గొంతు. వాడికి బాబాయ్ పద్ధతి తెలుసు. కత్తి మెడ మీద ఉండగా అడిగిస్తే సమాధానం ఏమొస్తుందో వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

నేను స్క్రూడ్రైవరు పడేసి సెలూను గుమ్మంలోకి వచ్చాను. బెంచీ మీద మాస్టారు, ఆటో డ్రైవరు. షెడ్డాయన వాళ్ళ పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు కుర్చీలో వాలాడు. బాబాయ్ గుడ్డ కప్పి, నురగ పూసి, బ్లేడు మార్చాడు. అప్పుడే ఆ అమ్మాయి వచ్చింది. షెడ్డు దగ్గర ఎదురుచూసి, విషయం తెలిసి పరుగున వచ్చినట్టుంది. మెట్టు మీద ఆగిపోయింది, లోపలికి రాలేదు. తండ్రి వైపు చూడలేదు. అద్దంలో మాత్రం ఆయనకు ఆమె కనబడుతోంది.

ఒక చెంప అయింది. కత్తి గొంతు మీదికి వచ్చింది.

షెడ్డాయన గొంతు సవరించాడు. ఇన్‌స్పెక్టరు కళ్ళు మూసుకునే అడిగాడు. "ఏం పెద్దాయనా, ఆ పొగ మరీ అంత ఇబ్బందేం కాదంటున్నారు. నిజమేనా?"

కత్తి ఆగింది. "అవు" అన్న ముక్క బాబాయ్ నోట్లోంచి వచ్చింది. అందరం విన్నాం. మెట్టు మీద అమ్మాయి తల దించుకుంది. షెడ్డాయన వెనక్కి ఆనుకున్నాడు. నేను గుమ్మం పట్టుకుని ముందుకు వంగాను. షెడ్డుకు పోయే నా సరుకు సంగతి నాకే గుర్తు లేదు ఆ క్షణాన.

బాబాయ్ నోరు మూసుకున్నాడు. కత్తిని గొంతు మీద నుంచి తీసి మడిచాడు. సొరుగు తెరిచి లోపల పెట్టి, సొరుగు మూశాడు. ఖాళీ చేతులతో కుర్చీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"కాదండీ."

ఇన్‌స్పెక్టరు కళ్ళు తెరిచాడు. "ఏం కాదు?"

"నిజం కాదండీ. సాయంత్రం వైర్లు కాలుస్తారు. మా ఇంటావిడ తలుపు సందుల్లో తడిగుడ్డలు కూరుతుంది. కూరినా వస్తుంది. ఆమెకు ఇదివరకు దగ్గు లేదు. ఈ షెడ్డు వచ్చాకే వచ్చింది."

షెడ్డాయన ఫోను తీసి వీడియో పెట్టాడు. అవునండీ, అవునండీ అని బాబాయ్ గొంతు గదంతా పాకింది. అంత స్పష్టంగా ఏ ఫోన్లోనూ నేను వినలేదు.

"ఇది మీ గొంతేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నాదేనండీ. అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"ఆయన మెడ మీద నా కత్తి ఉందండీ."

ఇన్‌స్పెక్టరు చెయ్యి తనంతట తానే గొంతు దగ్గరకు వెళ్ళింది. వేళ్ళకు నురగ అంటింది. ఆటో డ్రైవరుకు నవ్వొచ్చి దగ్గులా మార్చుకున్నాడు. బాబాయ్ మాత్రం నవ్వలేదు. తన తండ్రి చెప్పిన సంగతి, తాను ఇన్నేళ్ళూ చేసిన సంగతి విడమరిచి చెప్పాడు. బెంచీ వైపు తిరిగి, "మాస్టారూ, మీకూ అంతేనండీ. ఏమీ అనుకోవద్దు" అన్నాడు. మాస్టారి ముఖం మాడిపోయింది. ఆయన తన సిద్ధాంతాలన్నిటికీ ఉన్న ఒకే ఒక్క శిష్యుణ్ణి ఆ పూట పోగొట్టుకున్నారు.

"పెద్దాయనకు ఇంట్లో ఒత్తిడి సార్, కూతురు అక్కడే నిలబడింది" అన్నాడు షెడ్డాయన. "మిగతా వాళ్ళను అడగండి."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "పొగ ఉందండీ. కాదనడానికి లేదు" అన్నారు, అవమానాన్ని మింగి. ఆటో డ్రైవరు తల ఊపాడు. ఇన్‌స్పెక్టరు చూపు నా మీదికి వచ్చింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. షెడ్డాయన కూడా నన్నే చూస్తున్నాడు, కాస్త చిరునవ్వుతో.

"ఉంది సార్. అందులో నా కొట్టు నుంచి పోయిన సరుకు పొగ కూడా ఉంది. రాసుకోండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

సగం గెడ్డంతో మనిషి ఎక్కడికి పోతాడు? ఇన్‌స్పెక్టరు ఆ కుర్చీలోనే కాగితాలు తెప్పించుకుని అందరం చెప్పిందీ రాసుకున్నాడు. సాయంత్రం దాకా ఉండి పొగ కూడా చూసి వెళ్తానన్నాడు. షెడ్డాయన ఫోను చెవికి ఆనించుకుని బయటికి నడిచాడు. తర్వాతే బాబాయ్ కత్తి తీశాడు. రెండో చెంప మీద చిన్న గాటు పడింది. ఆయన చేతిలో గాటు పడటం నేనెప్పుడూ చూడలేదు. క్షమించండి అంటూ పటిక రాశాడు. ఇన్‌స్పెక్టరు పర్వాలేదని లేచాడు. వెంట బెంచీ కూడా ఖాళీ అయింది.

అప్పుడు ఆ అమ్మాయి లోపలికి వచ్చింది. సంతోషపడుతుందనుకున్నాను. ఆమె ముఖం ఇంకా బిగుసుకునే ఉంది.

"నాన్నా, ఒకటడుగుతాను. పెళ్ళి మానేసి పట్నంలో చదువుకుంటానన్నప్పుడు నువ్వు అవునన్నావని అందరికీ చెప్పుకున్నాను. మా నాన్న ఒక్కమాట కూడా ఎదురు చెప్పలేదని. అదీ ఇలాంటి అవునేనా?"

బాబాయ్ కుర్చీ మీది గుడ్డ తీసి దులిపాడు. మళ్ళీ దులిపాడు. అవునన్నా కాదన్నా ఆ పిల్ల మనసు గాయపడుతుందని నాకు భయమేసింది.

"ఆ రోజు నేను అవునన్లేదమ్మా" అన్నాడు. "వద్దన్నాను. మీ అమ్మ దగ్గర గట్టిగానే వద్దన్నాను. మీ అమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. అప్పుడు ఒప్పుకున్నాను. నీకు చెప్పొద్దని, నాన్నే ఒప్పుకున్నాడని చెప్తానని మీ అమ్మే అంది."

ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో, ఇంకేమిటో నాకు తెలియలేదు.

"అమ్మ ఇంట్లో ఒక్కతే ఉంది" అంది. "ఇప్పుడు ఇక్కడ చెప్పిందంతా వచ్చి ఆమెకు చెప్పు. నేను చెప్పను, నువ్వే చెప్పాలి."

గుమ్మంలో గెడ్డానికి ఇద్దరు వచ్చి నిలబడ్డారు. బాబాయ్ వాళ్ళకు దణ్ణం పెట్టి, ఇప్పుడు కాదండీ అని షట్టరు దించాడు.