శ్రీ బషీరాబాద్ గారు

తాండూర్ బండల యూనిట్లలో పాలిష్ దగ్గర పనిచేసే ఆడవాళ్ళకు కుర్చీలు ఉండవు. కాళ్ళకు రబ్బరు బూట్లు, నెత్తికి తువ్వాల, ముందు తిరిగే రాయి, మీద పడే నీళ్ళు. శ్యామల అట్లా ఆరేళ్ళు నిలబడింది. ఏడో ఏడు ఆమెకు కుర్చీ వచ్చింది. వెనక్కి వాలుతుంది, గుండ్రంగా తిరుగుతుంది. మొదటివారం ఆమె పని మధ్యలో రెండు చుట్లు తిరిగి మళ్ళీ పనిలో పడేది.

ఆమెది వికారాబాద్. స్టేషన్ దగ్గర ఒక డీటీపీ సెంటర్‌లో తెలుగు టైపింగ్ చేసేది. అది మూతపడ్డాక పొద్దున రైల్లో తాండూర్ వచ్చి బండల పనిలో చేరింది. యూనిట్ యజమాని అరుణాదేవి. వాళ్ళది కందులు పండించే ఇల్లు, ఆమె తరంలో బండల వ్యాపారంలోకి దిగారు. ఆమె రాయి మీద పేర్లు చెక్కే కంప్యూటర్ మిషన్ ఒకటి కొని తెచ్చింది. యూనిట్‌లో టైపింగ్ ఎవరికి వచ్చని అడిగితే నలభై మందిలో ఒక్క చెయ్యి లేచింది. రబ్బరు గ్లౌజుతో సహా.

మిషన్ నడిపేవాడు బాల్‌రాజ్. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ముప్పై ఏళ్ళు ఉలితో చెక్కినవాడు కాబట్టి మిషన్ అంటే గౌరవం లేదు. శ్యామల అంటే ఉంది గాని, బయటపెట్టడు.

శిలాఫలకాల పేర్లు అప్పట్లో వాట్సప్‌లో వచ్చేవి. ఎనభై పేర్లుంటే ఎనభై ఒకే ముద్దగా, మధ్యలో కామాలతో. శ్యామల ఒక్కో పేరూ విడిగా తీసి, ముందు శ్రీ, వెనక గారు పెట్టి టైపు చేసేది. సగం రోజు పోయేది. రైల్లో వస్తూ పోతూ ఫోన్లో పాఠాలు చూసి జావాస్క్రిప్ట్ నేర్చుకుంది. వెబ్ పేజీలకు పని చెప్పే భాష అది. అందులో స్ప్లిట్ అని ఒక మాట ఉంది. పొడుగాటి వాక్యం ఇచ్చి, కామా ఉన్నచోటల్లా కొయ్యమంటే కోస్తుంది. కోసిన ముక్కల్ని వరసగా పేర్చి ఇస్తుంది. ఆ వరసను అర్రే అంటారు.

"ఎవర్ని పిలుస్తున్నవ్?" అన్నాడు బాల్‌రాజ్ మొదటిసారి విని.

"పిలుస్తలేనన్నా. పేర్ల వరసను అర్రే అంటరు."

"అర్రే అంటే ఎవరన్న వెనక్కి మళ్ళి చూస్తరు గాని, వరసల నిలబడ్తరా?"

నిలబడ్డాయి. శ్యామల ఒక పేజీ తయారుచేసింది. పైన ఒక డబ్బా, కింద ఒక బటన్. పేర్ల ముద్ద అతికించి బటన్ నొక్కితే పేజీ కామాల దగ్గర కోసి, ఒక్కో ముక్కకూ శ్రీ, గారు తగిలించి, మిషన్‌కు పంపేది. 'మ్మ'తోనో 'వ్వ'తోనో ముగిసే పేరైతే శ్రీమతి అని పెట్టాలని కూడా నేర్పింది. సగం రోజు పని టీ తాగేలోపు అయిపోయింది.

మొదట పాడైన బండ ఒక కాలనీ సంఘానిది. పేర్లకు నంబర్లు కావాలన్నారు. ఈ భాషలో లెక్క ఒకటి నుంచి మొదలుకాదు, సున్నా నుంచి మొదలవుతుంది. శ్యామలకు ఆ సంగతి తెలుసు, ఆ రోజు మరిచిపోయింది. పండ్లు, పూలదండలు, కొబ్బరికాయ అన్నీ వచ్చాక పరదా తీస్తే అధ్యక్షుడి పేరు ముందు సున్నా ఉంది. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. ఉపాధ్యక్షుడు, అంటే నంబర్ ఒకటి, ఆ రోజంతా ఉత్సాహంగా తిరిగాడు.

రెండో బండ వికారాబాద్‌లో కొత్త ఇల్లు కట్టిన ప్రణయ్ అనే ఆయనది. గేటు స్తంభం మీద ఆయన బిడ్డ పేరు పైనుంచి కిందికి, అక్షరం కింద అక్షరం రావాలి. శ్యామల కామా బదులు ఖాళీ కొటేషన్లు ఇచ్చి కొయ్యమంది. అట్లా ఖాళీ ఇస్తే ఈ స్ప్లిట్ ప్రతి అక్షరాన్నీ విడదీస్తుందని పాఠంలో చెప్పారు. ఇంగ్లీషు పేర్లతో చెప్పారు. తెలుగు అక్షరం దానికి అక్షరంగా కనిపించదు. ఒత్తును విడిగా తీసింది, ఏత్వాన్ని విడిగా తీసింది. ఆనుకోవడానికి అక్షరం దొరకని గుర్తులకు ఫాంటు ఒక్కో చుక్కల గుండ్రం ఇచ్చింది. మిషన్ చుక్కలు కూడా వదలకుండా చెక్కింది.

"శ్రేయ అంటే రెండక్షరాలు," అన్నాడు ప్రణయ్. "మీరు ఐదు చేసిండ్రు. మధ్యల గీ మురుకులేంది?"

ఆ సాయంత్రం అరుణాదేవి ఆఫీసు గదిలోకి వచ్చి కుర్చీ వెనక నిలబడింది.

"శ్యామలా, ఒక అధ్యక్షున్ని సున్నా చేసినవ్. ఒక ఆడపిల్ల పేర్ల మురుకులు పోసినవ్. నేను ఏమనలేదు. ఇంకొక్క బండ ఖరాబైందనుకో, నీ బూట్లు ఇంకా గా మూలనే ఉన్నయి. పాలిష్ల నిలబడుదువు."

శ్యామల మూల వైపు చూసింది. బూట్లు ఉన్నాయి. ఎవరో కడిగి కూడా పెట్టారు.

తర్వాత నాలుగు నెలలు ఒక్క తప్పు రాలేదు. ఎవరు పేర్లు పంపినా కామా దగ్గర కోత, శ్రీ, గారు, మిషన్. తప్పులు రాకపోయేసరికి శ్యామల పేర్లు చదవడం మానేసింది. బాల్‌రాజ్ ఎప్పుడూ చదవలేదు.

అప్పుడు పెద్దేముల్ అవతల ఒక ఊరి స్కూలు నుంచి జాబితా వచ్చింది. పిల్లలు కూర్చుని తినడానికి రేకుల షెడ్డు వేసుకున్నారు. పనిచేసిన పన్నెండు మంది పేర్లు బండ మీద కావాలి. బండ అరుణాదేవి ఊరికే ఇచ్చింది, కాబట్టి ముఖ్య అతిథి ఆమే. పేర్లు పంపింది కుమారస్వామి అనే రిటైరైన హెడ్మాస్టర్. పద్ధతి గల మనిషి. ఎవరి పేరు ఎవరిదో గందరగోళం కావద్దని ప్రతి పేరు పక్కనా కామా పెట్టి, ఊరో, చేసే పనో రాశాడు. కిష్టయ్య కామా బషీరాబాద్ కామా ఎంకయ్య కామా పెద్దేముల్ కామా శాంతవ్వ కామా వంట.

బండ ముందురోజు మధ్యాహ్నమే వెళ్ళిపోయింది. స్కూలువాళ్ళు గోడకు బిగించి గుడ్డ కప్పారు. తెల్లవారి ఏడు గంటలకు, వికారాబాద్ స్టేషన్లో రైలెక్కుతుండగా శ్యామల ఫోను మోగింది.

"అమ్మా, నేను కుమారస్వామిని. ఒక చిన్న సందేహం. శ్రీ బషీరాబాద్ గారు ఎవరు?"

శ్యామలకు వెంటనే అర్థమైంది.

"సార్, మొత్తం ఎంతమంది ఉన్నరు బండ మీద?"

"ఇరవై నాలుగు మంది ఉన్నరమ్మా. శ్రీ పెద్దేముల్ గారు, శ్రీ మేస్త్రీ గారు, శ్రీ ట్రాక్టర్ గారు. పదకొండు గంటలకు మీ మేడమ్ వస్తది. ఈలోపల వీళ్ళందర్ని యాడికెళ్ళి తేవాలె?"

తాండూర్‌లో రైలు దిగగానే బాల్‌రాజ్ ఆమె ఫోన్ చేసి చెప్పిన ప్రకారం ట్రాలీ ఆటోతో సిద్ధంగా ఉన్నాడు.

"అన్నా, రంగు నింపేటప్పుడు నీకు అనుమానం రాలేదా?"

"బషీరాబాద్ గారు అని చూసిన. ఎవరో పెద్దమనిషి అనుకున్న."

"ట్రాక్టర్ గారిని?"

"వాళ్ళింటి పేరేమో అనుకున్న. నాకెందుకు? నేను అక్షరం సక్కగ వచ్చిందా అని చూస్త. అక్షరం మస్తుగొచ్చింది."

కొత్త బండ చెక్కే టైము లేదు, పైగా యార్డులో బండ తీస్తే మేడమ్‌కు తెలుస్తుంది. దారిలో ఉపాయం బాల్‌రాజే చెప్పాడు. రాతిపొడిలో జిగురు కలిపి లప్పం చేస్తే చెక్కిన గీతలు పూడ్చవచ్చు. ఊర్లకు, పనులకు ముందున్న శ్రీ, వెనకున్న గారు పూడ్చేస్తే చాలు. పైన మనిషి పేరు, కింద అతని ఊరో, పనో. ముందే అట్లా అనుకుని చేసినట్టు ఉంటుంది. గంటన్నరలో గట్టిపడుతుంది.

తొమ్మిదింటికి మొదలుపెట్టారు. బాల్‌రాజ్ పూడుస్తూ పోయాడు, శ్యామల వెనక తుడుస్తూ పోయింది. పదింబావుకు పదకొండు శ్రీలు, పదకొండు గారులు మాయమయ్యాయి. పన్నెండోది మిగిలింది. దాని ముందు శాంతవ్వ నిలబడి ఉంది. ఆ స్కూల్లో ఇరవై ఏళ్ళుగా పిల్లలకు వండి పెడుతున్న మనిషి. చేతిలో గరిటె ఉంది.

"అవ్వా, జర పక్కకు జరుగు," అంది శ్యామల. "గా శ్రీ తీసెయ్యాలె."

"ఏం రాసిందది?"

"శ్రీ వంట గారు అని పడ్డది. తప్పు పడ్డది."

శాంతవ్వ ఆ గీత మీద వేలు పెట్టి చూసింది.

"ఇరవై ఏండ్ల సంది వండుతున్న. అన్నం మెత్తగైందన్నరు, పప్పుల ఉప్పెక్కువైందన్నరు. గారు అని ఎవ్వలనలే. ఉండనియ్."

"మా మేడమ్ చూస్తే నా కుర్చీ పోతదవ్వా."

"కుర్చీ లేకుంటే నేను బతుకుతలేనా? ఉండనియ్యమన్న."

గరిటె పక్కకు జరగలేదు. బాల్‌రాజ్ లప్పం గిన్నె పట్టుకుని ఇద్దరినీ చూశాడు. ఇంతలో కిష్టయ్య వచ్చాడు. ఆయనది బషీరాబాద్, ఈ ఊరికి అల్లుడు. షెడ్డుకు ఇసుక తన ఖర్చుతో తోలించాడు. బండను పైనుంచి కిందికి చదివాడు.

"వంటకు శ్రీ ఉన్నదా?"

"ఉన్నది పటేలా," అన్నాడు బాల్‌రాజ్.

"బషీరాబాద్‌కు?"

"పూడ్చేసిన."

"పప్పు చారుకు గారు పెట్టి మా ఊరికి తీసేస్తరా? ఇరవై రెండేండ్ల సంది ఈ ఊర్ల నన్ను బషీరాబాద్ వచ్చిండు, బషీరాబాద్ తిన్నడు, బషీరాబాద్ పండుకున్నడు అంటరు. ఒక్కసారి గారు అని పడితే గది గూడ ఓర్వలేకపోయిండ్రు. తీయి లప్పం."

"పటేలా, అది ఆరుతున్నది."

"ఆరకముందే తీయి."

ఎంకయ్య వచ్చి లప్పాన్ని వేలితో నొక్కి చూశాడు. పెద్దేముల్ పక్కన తనే గోరుతో గీకడం మొదలుపెట్టాడు. అది చూసి మిగతావాళ్ళు దిగారు. పదీముప్పావుకు పదిమంది మగవాళ్ళు మేకులు, చీపురు పుల్లలు, స్కూటర్ తాళాలు పట్టుకుని గోడకు అతుక్కుని, ఎవరి ఊరి శ్రీ వాళ్ళు తవ్వుకుంటున్నారు. కుమారస్వామి సారు మాత్రం వెనక నిలబడి, తను రాసిన కామాల్లో వ్యాకరణ దోషం లేదని ఎవరూ అడగకుండానే చెబుతున్నాడు.

అరుణాదేవి కారు దిగేసరికి ఈ దృశ్యం ఉంది. పరదా తీయడానికి పరదా లేదు, దానితో బండ తుడుస్తున్నారు.

ఆమె బండను మొత్తం చదివింది. శ్రీ ట్రాక్టర్ గారి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. తర్వాత శ్యామల వైపు తిరిగింది.

"గిది నువ్వు కావాలని చేసినవా, తప్పు చేసినవా?"

కావాలనే చేశానని చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. చుట్టూ పన్నెండు మంది సాక్షులు, అందరూ సంతోషంగా ఉన్నారు. శ్యామల లప్పం అంటిన చేతులు చీరకు తుడుచుకుంది.

"తప్పే మేడమ్. కామా దగ్గర కోసిన. చదువలే."

"ముందుగాల ఎందుకు చెప్పలే?"

"కుర్చీ పోతదని."

అరుణాదేవి కొబ్బరికాయ కొట్టింది, రిబ్బన్ కత్తిరించింది, పిల్లలతో కూర్చుని తిన్నది. పప్పులో ఉప్పు ఎక్కువైంది, ఎవరూ అనలేదు. కారెక్కే ముందు శ్యామలను, బాల్‌రాజ్‌ను పిలిచింది.

"కుర్చీ ఉంటది. గాని ఇకమీదకెళ్ళి చెక్కే ముందు ప్రతి పేరు నువ్వు గట్టిగ చదువాలె. బాల్‌రాజ్, నువ్వు వినాలె. మనిషైతే మనిషి అను, ఊరైతే ఊరు అను. ఊరు అన్నవంటే మిషన్ ఆపాలె. ఒక్క పేరు చదువకుండ చెక్కినా ఇద్దరికి రెండు జతల బూట్లున్నయి."

శ్యామల ఆ రాత్రే పేజీ మార్చింది. ఇప్పుడది కామా దగ్గర కొయ్యదు, లైను మారిన చోట కోస్తుంది. అయినా షరతు షరతే. మర్నాటి నుంచి యూనిట్‌లో పొద్దున పదింటికి చదువు మొదలైంది. శ్యామల కుర్చీలో కూర్చుని చదువుతుంది. బాల్‌రాజ్ స్విచ్ మీద చెయ్యి పెట్టి తీర్పు చెబుతాడు. పనిని ఆయన అందరికంటే ఎక్కువ సీరియస్‌గా తీసుకున్నాడు.

ఆ వారంలోనే వికారాబాద్ నుంచి పొద్దున నడిచేవాళ్ళ సంఘం జాబితా వచ్చింది.

"శ్రీ ప్రేమ్‌సాగర్ గారు."

"మనిషి."

"శ్రీమతి వెంకటమ్మ గారు."

"మనిషి."

"శ్రీ తిరుపతి గారు."

బాల్‌రాజ్ స్విచ్ మీంచి చెయ్యి తీశాడు. "ఊరు."

"ఊరు కాదన్నా. మనిషి పేరు."

"నేను పోయి గుండు కొట్టించుకొనొచ్చిన. ఊరే."

"అన్నా, ఆయన వికారాబాద్‌ల ఉంటడు. కింద శ్రీశైలం గారు గూడ ఉన్నరు."

"గది గూడ ఊరే. డ్యాం ఉన్నది."

"నీకు దండం పెడ్త. మనిషని అను."

"మేడమ్ ఏం చెప్పింది? ఊరైతే ఊరు అనమన్నది. అన్న. నీకు కుర్చీ కావాల్నా, తిరుపతి కావాల్నా?"

శ్యామలకు కుర్చీయే కావాలి. ఫోను తీసి, జాబితా పంపినవాళ్ళ దగ్గర నంబర్ తీసుకుని తిరుపతికి కలిపింది.

"సార్, తాండూర్ నుంచి శిలాఫలకం వాళ్ళం. మీరు మనిషేనా సార్?"

అవతల తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"మా ఇంటామె ఏమన్న చెప్పిందా?" అన్నాడు తిరుపతి మెల్లగా.

బాల్‌రాజ్ ఫోనుకు దగ్గరగా వంగాడు. "గదంత మాకద్దు సార్. మనిషైతే మనిషి అనుండ్రి, మిషన్ ఆన్ చేసుకుంటం."

"మనిషినే," అన్నాడు తిరుపతి.

బాల్‌రాజ్ స్విచ్ వేశాడు. శ్యామల శ్రీశైలం నంబర్ వెతకడం మొదలుపెట్టింది.