వెనక్కి చూడకుండా నడిచే చోటు

కిందటి వానాకాలం మొయినాబాద్‌లో బస్సు దిగి, నేను పనిచేసే అంగన్‌వాడీకి రోడ్డు అంచున నడుస్తుంటే వెనక నుంచి కారు గుద్దింది. కుడికాలు విరిగింది. లోపల రాడ్ వేశారు. మూడు నెలలకు ఎముక అతుక్కుంది గానీ భయం ఒంట్లోనే ఉండిపోయింది. చేవెళ్ల వైపు నుంచి వచ్చే ప్రతి బండీ నా వీపు మీదికే వస్తున్నట్టుండేది. గేటు దాటితే చాలు, నాలుగు అడుగులకోసారి వెనక్కి తిరిగేదాన్ని. హారన్ వినబడితే ఉన్నచోటే ఆగిపోయేదాన్ని. చివరికి ఇల్లు కదలలేక సెలవు పొడిగించాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా బిడ్డ నా ఎదురుగా కూర్చుంది.

"ఇంట్లనే కూసుంటె కాలు గట్టిపడదమ్మా. డాక్టర్ నడవమన్నడు గద. మాల్‌కు పోదాం. ఆడ బండ్లుండవు."

"నాకేం కొనేదున్నది ఆడ?"

"కొనకు. నడువు."

బస్సులో సిటీ దాకా కళ్లు మూసుకునే కూర్చున్నాను. మాల్‌లోకి వెళ్లగానే నేల చూసి భయమేసింది. అద్దంలా మెరుస్తోంది, జారితే మళ్లీ ఆపరేషనే. బిడ్డ చెయ్యి పట్టుకుని గోడ వెంబడి నడిచాను. చెప్పుల దుకాణం దాటాం, గడియారాల దుకాణం దాటాం. పిల్లల బట్టల దగ్గరికి వచ్చాక గానీ తెలియలేదు, ఇంతసేపూ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదని.

అప్పుడు మనుషులను చూశాను. ఒకే ఇంటివాళ్లు ఐదుగురు పక్కపక్కన, దారంతా పరుచుకుని మాట్లాడుకుంటూ వస్తున్నారు. మా రోడ్డు మీద ఒకరి వెనక ఒకరం నడుస్తాం, మాట వినబడాలంటే అరవాలి. ఒకామె అప్పుడే నడక నేర్చిన పాపను కింద వదిలేసి ఫోన్ చూసుకుంటోంది. చాలామంది చేతుల్లో సంచులే లేవు. ఏమీ కొననివాళ్లు మాల్‌కు ఎందుకు పోతారా అని నేను నవ్వేదాన్ని. ఇట్లా నిశ్చింతగా, మెల్లగా నడవడానికి కూడా పోతారని ఆ రోజు తెలిసింది.

"కాఫీ తెస్త, నడుస్త ఉండు" అని బిడ్డ వెళ్లింది.

కాసేపటికి నా వెనక గంట మోగింది. తిరిగి చూస్తే రంగుల ఇంజను, దాని వెనక పెట్టెల్లో పిల్లలు. మాల్‌లో తిప్పే బొమ్మ రైలు. మనిషి నడక కంటే వేగం లేదు. అది నాకు కనబడుతూనే ఉంది, అయినా కాళ్లు కదలలేదు. పక్కన వెళుతున్న ఒక పెద్దామె చెయ్యి రెండు చేతులతో పట్టేసుకున్నాను.

"గుద్దుతది, గుద్దుతది" అని అరిచాను.

ఆమె నన్ను గోడవైపు లాగి, రైలు వెళ్లేదాకా నాకు అడ్డంగా నిలబడింది. తర్వాత బెంచీ మీద కూర్చోబెట్టింది.

"ఏమైందమ్మా? ఒళ్లంతా వణికిపోతోంది" అంది. కోస్తా మాట.

కారు సంగతి చెప్పాను. ఆమె చేతి మీద నా గోళ్లు దిగిన గుర్తులు చూసి, తప్పయిందన్నాను.

"పర్లేదండీ. మాది గండిపేటలో ఫ్లాటు. కొడుకూ కోడలూ ఆదివారం కూడా డ్యూటీకెళ్తే నేనొక్కదాన్నే. బాత్రూంలో పడిపోతే ఎవరు చూస్తారా అని గుండెలో ఒకటే గుబులు. అందుకే ఇక్కడికొచ్చి కూర్చుంటాను. ఎవరో ఒకరు లేపుతారుగా."

బిడ్డ కాఫీతో వచ్చేసరికి ఇద్దరం చేతులు పట్టుకునే ఉన్నాం. పేరు అడగడం మరిచిపోయాను. తర్వాత నాలుగు ఆదివారాలు వెళ్లాను గానీ ఆమె మళ్లీ కనబడలేదు.

ఆపైన డ్యూటీలో చేరాను. మొదటి రోజు మొయినాబాద్‌లో బస్సు దిగి, రోడ్డు దాటలేక కరెంటు స్తంభాన్ని ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను. పక్కన కూరగాయల గంపతో ఒక అవ్వ ఉంది. సిగ్గు విడిచి ఆమె మోచెయ్యి పట్టుకున్నాను.

"అవ్వా, నాకు భయమైతున్నది. జర దాటించవా?"

"నాకు మాత్రం కాదా బిడ్డా? గట్టిగ పట్టుకో" అంది అవ్వ.

ఇద్దరం దాటాం. భయం పోలేదు, ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. రోజూ ఎవరో ఒకరి చెయ్యి అడుగుతాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు.