చూపు అటు, మాట ఇటు

మా అత్తగారు పోయారు. ఆ సంగతి కూడా నాకు నేరుగా తెలియలేదు. ఆస్పత్రివాళ్లు మా ఆయనకు ఫోన్ చేశారు, ఆయన నోరు పెగలక మా అమ్మాయి వంక చూశారు, అది వచ్చి నాకు చెప్పింది. ఏడుపుకంటే ముందు నాకు ఒళ్లు మండింది. పోతూ పోతూ కూడా ఈవిడ పద్ధతి మార్చుకోలేదన్నమాట.

ఆ పద్ధతి ఏమిటో చెబుతాను. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆవిడ నా మొహం చూసి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మా మధ్య పోట్లాటలేమీ లేవు. చూపు ఇంకెవరి మీదో ఉండేది, మాట వచ్చి నాకు తగిలేది. కూతురికి చెబుతూ కోడలికి వినిపించడం మన ఇళ్లలో కొత్తేం కాదు. ఈవిడకు కూతుళ్లు లేరు. అంచేత మనవరాలితోనో, ఫ్రిజ్‌తోనో, కువైట్‌లో జాబ్రియా పేటలోని మా ఫ్లాట్ ఏసీతోనో చెప్పేవారు. నాకు కావలసిందల్లా నావైపు చూసి నాతో ఒక్క మాట. అది తిట్టయినా సరే.

ఆవిడ విజయవాడలో ఆడపిల్లల స్కూల్లో డ్రిల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. కాలేజీ రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడారు, అందులోనూ పాయింట్ గార్డ్. బంతిని నడిపించుకొచ్చి అందరికీ అందించే పని. మామగారు పోయాక కువైట్ వచ్చి మా దగ్గరే ఉండిపోయారు. ఇక్కడ మనవరాలి ఫోన్‌లో ఆవిడకు స్పెయిన్ పాయింట్ గార్డ్ ఒకడు దొరికాడు. ఇక నా ఇల్లు ఇల్లులా లేదు.

వాడి గొప్పేమిటంటే, ఎడమకు చూస్తూ కుడికి బంతి ఇస్తాడు. తనే బుట్టలో వేసుకోగలిగిన బంతిని కూడా పక్కవాడికి ఇచ్చేస్తాడు. నేను దోసెలు పోస్తుంటే ఈవిడ ఫోన్‌ని వంటగట్టుకు ఆనించి వాడి ఆట వీడియోలో అదే ముక్క మళ్లీ మళ్లీ వేసేవారు. "అటు చూశాడు, ఇటిచ్చాడు. ఒక్కడైనా కనిపెట్టాడా?" అని పెనాన్ని అడిగేవారు. పెనం ఏం చెబుతుంది? నేనే "లేదత్తయ్యా" అనాలి. ఈలోగా దోసె మాడేది.

వాడి చరిత్రంతా నాకు కంఠతా వచ్చేసింది. మీసాలు రాకముందే పెద్దవాళ్ల జట్టులో చేరాడట. తర్వాత అమెరికా వెళ్లాడు. బుట్టలో వేయడం రాదని అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టారు, ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు తోలేశారు. చివరికి స్పెయిన్ తిరిగొచ్చి, తనవాళ్ల మధ్య హాయిగా ఆడుకుని మానేశాడు. మీరే చెప్పండి, ఇదంతా నాకెందుకు? మా తమ్ముడి ఆరోగ్యం కంటే వాడి చీలమండ బెణికిన సంగతే నాకు బాగా తెలుసు.

"అయితే ఫెయిలై వచ్చేశాడన్నమాట" అన్నారొకసారి మా ఆయన. ఆవిడ మినప్పప్పు డబ్బాకేసి చూస్తూ, "తిరిగొచ్చినవాణ్ణి ఓడిపోయాడంటే, కువైట్‌లో ఉన్నవాళ్లంతా ఏదో ఒకనాడు ఓడిపోయేవాళ్లే" అన్నారు.

మా ఇంట్లో పనిచేసే రాయచోటి ఆమెకు అంతకుముందు అరబ్బుల ఇంట్లో యజమానురాలిని మామా అని పిలవడం అలవాటై నన్ను కూడా మామా అంటుంది. "నా కోడల్ని మామగారిని చేసిందిరా" అని అత్తగారు నవ్వేవారు, అదీ కొడుకుతో. ఒకరోజు ఆమెను పట్టుకుని, పప్పులో ఇంగువ లేదని దులిపేశారు. నేను ఓదార్చబోతే ఆమె నవ్వింది.

"నాకేం బాధ లేదులే మామా. పప్పు జేసింది నువ్వు. పెద్దమ్మ నా పక్క జూసి నిన్నే అంటాంది. నేను గోడ మాదిరి నిలబడుకుంటా, ఆయమ్మ చెప్పేది అయిపోతే ఖలాస్."

నేను స్కూల్లో ఉద్యోగానికి వెళతానన్నప్పుడు అత్తగారు అవుననలేదు, కాదనలేదు. చేరిన రోజు నుంచీ పొద్దున్నే టేబుల్ మీద నా టిఫిన్ డబ్బా సర్ది ఉండేది. "ఎవరిదో మరి, మర్చిపోయి పోతారు" అనేవారు కిటికీతో. ఆ డబ్బా తినే నేను ఇన్నేళ్లూ ఆ ఉద్యోగం చేశాను. థాంక్స్ చెబుదామంటే నాకు మొహం దొరకనిస్తేగా.

ఉండబట్టలేక ఒకసారి అడిగేశాను. "అత్తయ్యా, నాతోనే చెప్పొచ్చు కదా."

ఆవిడ ఫోన్ మీంచి చూపెత్తకుండా మనవరాలితో అన్నారు. "చూశావుటే, బంతి ఎవరికిస్తామో వాళ్లకేసి చూశామనుకో, ఎదుటివాడు మధ్యలో చెయ్యి పెట్టేస్తాడు. చూడకుండా ఇచ్చిందే భద్రంగా చేరుతుంది."

"నా దాకా ఏదీ చేరట్లేదు" అన్నాను, గట్టిగానే. ఆవిడ ఆ వీడియో ముక్కే మళ్లీ మొదటి నుంచి వేశారు.

ఆస్పత్రిలో ఆ చివరి సాయంత్రానికి ఆవిడ గుండె బాగా అలిసిపోయింది. ఎక్కువ మాట్లాడించవద్దని డాక్టరు చెప్పి వెళ్లాడు. నేను మంచం పక్కన, మా ఆయన నా వెనక నిలబడి ఉన్నాం. ఆవిడ కళ్లు తెరిచారు. సెలైన్ సీసాకేసి కాదు, గోడకేసి కాదు, నా కళ్లలోకి చూశారు. ఇన్నేళ్లకు నాతో చెబుతారు కాబోలని వంగాను.

"ఒరేయ్" అన్నారు నన్నే చూస్తూ, నా వెనకున్న కొడుకుతో. "దానికి కుర్చీ వెయ్యరా. పొద్దుటి నుంచీ నిలబడే ఉంది."

కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. ఆయన కుర్చీ లాక్కొచ్చారు. నేను కూర్చునేదాకా ఆవిడ నా మీంచి చూపు తిప్పలేదు.