వాకబుకొచ్చిన తెల్లచొక్కా

ప్రభుత్వం వారి కంప్యూటర్లను దొంగల నుంచి కాపాడవలసిన మా పావని ఉద్యోగాన్ని, అది మొదలవకముందే, మా ఇంటి అరుగు మీద కూర్చుని నా నోటితో నేనే కూల్చబోయిన వైనం చెబుతాను. నవ్వండి, నాకేం కోపం లేదు. కాకపోతే ఫాను కట్టేసి నవ్వండి. ఊరికే తిరుగుతోంది.

అప్పటికి నాకు డెబ్బై. చిన్నతనం. ఇప్పుడు డెబ్బై రెండొచ్చాయి, కాస్త బుద్ధి కుదిరింది.

పావని నా కొడుకు కూతురు. వాళ్లది శావల్యాపురంలో వ్యవసాయం. పిల్ల మాత్రం చదువు కోసం నరసరావుపేటలో నా దగ్గర ఉండేది. ఇంటర్ అయ్యాక ఏం చదవాలన్న దాని మీద మా ఇంట్లో జరిగినంత చర్చ అసెంబ్లీలో కూడా జరిగి ఉండదు. వాళ్ల నాన్న బస్సుల మీద కనిపించిన కాలేజీ పేరల్లా చెప్పాడు. వాళ్ల బాబాయి, ఏ బ్రాంచి అయినా ఒకటే, చివరికి అందరూ హైదరాబాదు బస్సే ఎక్కుతారన్నాడు. పావనిది మాత్రం ఒకటే పట్టు.

"ఆసుపత్రుల్లో, కరెంటాఫీసుల్లో అన్నీ కంప్యూటర్లేగా నాయనమ్మా. వాటిలోకి దొంగలు దూరకుండా చూసే పని. సైబర్ సెక్యూరిటీ. నేను గవర్నమెంటులోనే చేస్తా."

"దానికి ఏం చదవాలే?"

"మామూలు బీటెక్ చేసి తర్వాత పరీక్షలు రాయొచ్చు. లేదంటే డిగ్రీనే అందులో చెయ్యొచ్చు. ఒక సర్కారు యూనివర్సిటీలో ఉంది. ఫీజు, హాస్టలు వాళ్లే చూసుకుంటారు. చదువయ్యాక కొన్నేళ్లు గవర్నమెంటుకే పనిచెయ్యాల."

"అన్నం కూడా వాళ్లే పెడతారా?"

"పెడతారు."

"అయితే అదే చదువు" అన్నాను. డిగ్రీ ఎంచుకోవడం ఇంత తేలికని తెలియక జనం కౌన్సెలింగులంటూ ఎండలో తిరుగుతున్నారు.

పిల్ల పరీక్ష రాసింది, గట్టెక్కింది. "ఇంక వెరిఫికేషన్ ఒక్కటే. ఎవరో వచ్చి నా గురించి చుట్టుపక్కల అడుగుతారు. వాళ్లు సరేనంటేనే సీటు" అంది. తలూపాను. నా లెక్కలో ప్రభుత్వమంటే జీపు, ఖాకీ బట్టలు, చేతిలో లాఠీ. అది వస్తోందంటే వీధి చివర దుమ్ము లేస్తుందనుకున్నాను.

వచ్చింది స్కూటరు.

ఎదురింటి రమణమ్మ కొంగు బిగించుకుని పరిగెత్తుకొచ్చింది. "పెద్దమ్మా, ఎవరో తెల్లచొక్కాయన మన పావని గురించి వాకబు చేస్తన్నాడు. పిల్ల నడవడిక ఏంది, ఎవరితో తిరుగుద్ది, కుటుంబం ఎట్టాంటిది అని."

"ఇస్త్రీ చొక్కానా?"

"మడత కూడా నలగలా."

మా వైపు ఇస్త్రీ చొక్కా వేసుకున్న కొత్త మనిషి పెళ్లీడు పిల్ల గురించి ఎదురింట్లో ఆరా తీశాడంటే ఆయన మగపెళ్లివారి మనిషే. ఇంకో అర్థం లేదు. నా గురించి ఇలాగే వాకబు చేసిన రోజున వీధి వీధంతా నన్ను ఒళ్లు మరిచి పొగిడింది. నా ఐదో తరగతి పుస్తకాలు ఆ సాయంత్రమే అటకెక్కాయి. ఆ పొగడ్త మా పిల్లకు తగలనివ్వదలచుకోలేదు.

"నువ్వేం చెప్పావే?"

"బంగారమని చెప్పబోయా."

"నోరు ముయ్. పిల్ల గురించి ఒక్కరు మంచి మాటన్నా నా గడప తొక్కనియ్యను. వీధిలో అందరికీ చెప్పు."

ఆమె అటు వెళ్లింది, ఆయన ఇటు వచ్చాడు.

"నమస్కారం మామ్మా. పావని మీ మనవరాలేనా?"

"ఏం చేస్తాం, మనవరాలే."

పొద్దున కాచిన టీపొడినే మళ్లీ కాచి, చక్కెర డబ్బా మూత తీయకుండా టీ ఇచ్చాను. ఆయన ఒక గుక్క తాగి గ్లాసు వైపు జాలిగా చూశాడు.

"అమ్మాయి స్వభావం ఎలాంటిది?"

"చింతనిప్పు. పెద్దాచిన్నా లేదు."

"స్నేహాలు?"

"అందరూ ఫోనులోనే ఉంటారు. మొహాలు మనకేం తెలుసు."

ఆయన రాసుకోవడం మొదలుపెట్టాడు. పెళ్లివాళ్లు రాసుకోవడమేమిటని నాకు అనుమానం రావాలి. రాలేదు. మతిమరుపు మనిషి కాబోలనుకుని, రాయడానికి వీలుగా కాస్త నిదానించాను కూడా.

"ఏదైనా మాట దాచమంటే దాచుకుంటుందా?"

"జల్లెడలో నీళ్లన్నా కాసేపు ఆగుతయ్యేమో. ఇంకోటి రాసుకో నాయనా. ఎవరి ఫోనుకి తాళమున్నా చిటికెలో తెరిచేసిద్ది. నాది తెరిచింది."

కలం ఆగింది. "ఎవరిదైనా?"

"ఎవరిదైనా. అట్టాంటి దాన్ని కోడలిగా తెచ్చుకుంటే మీ ఇంట్లో రహస్యమనేది మిగలదు. ఇంకో సంబంధం చూసుకోండి."

"సంబంధమేంది మామ్మా?" అంటూ ఆయన జేబులోంచి కార్డు తీశాడు. దాని మీద మూడు సింహాలు. "పోలీసు శాఖ. సీటు వెరిఫికేషన్‌కి వచ్చా."

మూడు సింహాలూ నన్నే చూశాయి. ముందు ఆయన చేతిలో గ్లాసు లాక్కున్నాను. లోపలికెళ్లి కొత్త పొడి, చిక్కటి పాలు, పండక్కి దాచిన యాలకులు వేసి టీ పెట్టుకొచ్చాను.

"నాయనా, ఇందాకటిదంతా అబద్ధం. పిల్ల చానా నెమ్మదస్తురాలు. మాట బయటికి పొక్కనియ్యదు."

"మొదటి టీతో చెప్పింది రాయమంటారా, రెండో టీతో చెప్పిందా?"

"నా మాట వద్దు, రమణమ్మని అడుగు."

అది నా రెండో తప్పు. పిలిస్తే వచ్చిన రమణమ్మ నడుం మీద చెయ్యేసుకుని, "దాని గురించి మంచి మాట నా నోటెంట రాదు" అంది. నేను కళ్లతో సైగ చేశాను. మెచ్చుకుంటున్నాననుకుని ఇంకాస్త పెంచింది. "నాయనమ్మనే తిట్టిద్ది."

"ఒసేయ్, నిజం చెప్పవే."

"నువ్వెంత అడిగినా చెప్పను పెద్దమ్మా. మాటంటే మాటే."

రహస్యాలు కాపాడే మనిషి కావాలనుకుంటే ప్రభుత్వం ఆ రోజు రమణమ్మను తీసుకుపోవలసింది.

అంతలో పావని లైబ్రరీ నుంచి వచ్చింది. సంగతి విని, సంచి కూడా దించకుండా అడిగింది. "సీటు పోయినట్టేనా సార్?"

"ముందు ఇది చెప్పమ్మా. మీ నాయనమ్మ ఫోను తాళం ఎలా తీశావు?"

పావని నా ఫోను తిప్పి చూపించింది. వెనకాల ఎర్ర గోళ్లరంగుతో తాళం నంబరు, గుడి గోడ మీద దాతల పేర్లంత స్పష్టంగా ఉంది.

"ఎవరు రాశారు?"

"మర్చిపోతానని నేనే" అన్నాను.

ఆయన కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వి, యాలకుల టీ పూర్తి చేశాడు. "కేసుల్లేవు, గొడవల్లేవు, ఉండేది ఇక్కడే. నాకు కావలసింది అంతే. కోపతాపాలు నా కాగితంలో లేవు. కానీ అమ్మాయ్, ఉద్యోగం ఈ ఇంటి నుంచే మొదలుపెట్టు."

సీటు వచ్చింది. పిల్ల హాస్టలుకి వెళ్లింది.

నెల తిరక్కుండానే మళ్లీ ఒక ఇస్త్రీ చొక్కా వచ్చి పావని గురించి అడిగింది. ఈసారి నేను మోసపోతానా? నేరుగా యాలకుల టీ. పిల్ల ఓర్పు, వినయం, చేతివంట, అన్నీ పొగిడాను. రమణమ్మ చేతా పొగిడించాను. ఆయన ఒక్క ముక్క రాసుకోలేదు. చేతులు జోడించి, "మాది మాచర్లమ్మా. మావాడికి ఇట్టాంటి పిల్ల కోసమే తిరుగుతన్నాం" అన్నాడు. డిగ్రీ అయ్యేదాకా కదలదన్నాను. ఆగుతామంటూ ఇప్పటికీ ఫోన్లు చేస్తున్నారు.

అందుకని కోటప్పకొండ వైపు తిరిగి దండం పెట్టి ఒట్టేశాను. ఇక మీదట ఎంత తెల్లచొక్కా వచ్చినా, కార్డు చూడందే మంచీ చెప్పను, చెడూ చెప్పను, పొయ్యీ వెలిగించను. ఫోను వెనక నంబరు కూడా తుడిచేశాను. ఇప్పుడది టీపొడి డబ్బా అడుగున ఉంది. మనలో మన మాట, పావనికి చెప్పకండి.