జనగామలో రాజు దూకిన రోజు

ఈ బ్లాగు చదివేవాళ్లలో పిల్లల్ని చదరంగం పోటీలకు ఊరూరా తిప్పే తల్లిదండ్రులు చాలామందే ఉన్నారని మీ ఉత్తరాలను బట్టి తెలిసింది. అందుకే ఎనభైల మొదట్లో మా చెల్లెలు సుగుణను కేసముద్రం నుంచి జనగామకు తీసుకెళ్లిన ప్రయాణం గురించి రాస్తున్నాను. ఇందులో ఆహ్లాదం వెతక్కండి. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పేపర్లో ఒక మూల చిన్న ప్రకటన పడింది. జూనియర్ బాలికలకు అప్పటి వరంగల్ జిల్లా ఎంపిక పోటీ, ఆదివారం జనగామలో ఒక బడిలో. గెలిచిన ఒక్కరినే రాష్ట్ర పోటీలకు పంపుతారు. సుగుణ అప్పుడు ఇంటర్ రెండో ఏడు. వయసు లెక్క ప్రకారం మరుసటి ఏడు ఆమె జూనియర్ కాదు. అంటే ఉన్నది ఈ ఒక్క అవకాశమే.

మా బాపుకు కేసముద్రం మార్కెట్లో ధాన్యం అడ్తి దుకాణం ఉండేది. ధాన్యం తూచే కాంటా అయ్యేదాకా రైతులు బండ్ల దగ్గర కాచుకుని ఉండాలి కదా, ఆ ఖాళీలో బస్తాల మీద గళ్లగుడ్డ పరిచి చదరంగం ఆడేవాళ్లు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడి నాకు ఏడాది చదువు పోయినప్పుడు, రోడ్డెక్కి రాళ్లు విసరకుండా ఉండాలని బాపు నన్ను ఆ బస్తాల దగ్గర కూర్చోబెట్టి ఆట నేర్పాడు. తర్వాత నేను సుగుణకు నేర్పాను. అది ముందు నన్ను ఓడించింది, తర్వాత బాపును ఓడించింది, ఆ తర్వాత నెల్లికుదురు నుంచి ఆటకోసమే సైకిలు తొక్కుకొచ్చే పెద్ద ఆటగాళ్లను కూడా ఓడించింది. ఓడినవాళ్లు "ఏం పిల్లవే బిడ్డా!" అంటూ నవ్వుతూ లేచేవాళ్లు.

కేసముద్రంలో తెల్లవారగానే వచ్చే ప్యాసింజరు ఎక్కాం. వరంగల్, కాజీపేట మీదుగా ఆ బండే నేరుగా జనగామ వెళుతుంది, ఎక్కడా మారనక్కర్లేదు. కాజీపేటలో చాలాసేపు ఆగుతుంది కాబట్టి టిఫిన్ అక్కడే చేయొచ్చు. కిటికీ పక్కన కూర్చుని రష్యా నుంచి వచ్చే రంగుల పత్రిక ఒకటి సుగుణకు చదివి వినిపించాను. మా ఊళ్లో ఆ పత్రికను చదివినవాళ్ల కంటే పుస్తకాలకు అట్టలు వేసుకున్నవాళ్లే ఎక్కువ. ఆ దేశంలో పిల్లల కోసం భవనాలు కట్టి, వాటిలో చదరంగానికి గదులు కేటాయించి, జీతాలిచ్చి గురువులను పెడతారట. హంగరీలోనూ మంచి గురువులున్నారని, మంచుతో నిండిన ఐస్‌లాండ్‌లో చలికాలమంతా ఇంటింటా ఇదే ఆటని అంతకుముందు ఎక్కడో చదివాను. అవన్నీ చెబితే సుగుణ నవ్వింది.

"మనకు కాంటకాడి బస్తాలే భవనం తియ్ అన్నా. గెలిస్తే గాడ కూసోని నేర్సుకున్నదాంతోనే గెలుస్త."

జనగామ స్టేషన్ బయట రిక్షా మాట్లాడుకున్నాం. బడి దగ్గరే, నడిచి కూడా వెళ్లొచ్చు గానీ ఎండ అప్పటికే ముదిరింది. రిక్షా అన్న తొక్కుతూనే వెనక్కి తిరిగి "ఏం పని మీద వచ్చిండ్రు?" అని అడిగాడు. చదరంగం పోటీ అన్నాను.

"గా దానికి గూడ పోటీలా? మా వాడకట్టుల పొద్దంత ఆడుతరు, ఒక్కడు గూడ మెడల్ తెచ్చిన పాపాన పోలే."

బడిలో ఎనిమిది మంది ఆడపిల్లలున్నారు. ఓడితే ఇంటికే, గెలిస్తే తర్వాతి ఆట. పోటీ నడిపే పెద్దమనిషి ఇస్త్రీ చొక్కాలో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. మొదటి ఆటలో అవతలి పిల్ల తన బంటును ఒకేసారి రెండు గళ్లు జరిపేసరికి సుగుణ తెల్లబోయి చెయ్యెత్తింది. మా దగ్గర బంటు ఎప్పుడైనా ఒక్క గడే నడుస్తుంది. ఆయన వచ్చి "మొదటిసారి రెండు గళ్లు వెళ్లొచ్చమ్మా, ఆ మాత్రం తెలియదా?" అని వెళ్లిపోయాడు. సరే, అదొక్కటే తేడా అనుకున్నాం. మిగతావి అడగాలంటే మిగతావి కూడా ఉన్నాయని ముందు తెలియాలి కదా! సుగుణ ఆ ఆట గెలిచింది, రెండో ఆటలో హనుమకొండ నుంచి వచ్చిన అమ్మాయినీ ఓడించింది. రెండూ తొందరగానే ముగిశాయి కాబట్టి మిగతా తేడాలు బయటపడలేదు.

మధ్యాహ్నం బడి ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో తినడానికి కూర్చున్నాం. అన్నం, పప్పుచారు, వంకాయ కూర, చౌకలో కడుపు నిండింది. అక్కడే ఫైనల్లో సుగుణతో ఆడాల్సిన లక్ష్మి, వాళ్ల నాయిన పరిచయమయ్యారు. వాళ్లది భూపాలపల్లి. ఆయన బీడీలకు వాడే తునికాకు కల్లంలో లెక్కలు రాసే గుమాస్తా. భూపాలపల్లికి రైలు లేదు కాబట్టి ముందు రోజే బయలుదేరి పరకాల, హనుమకొండల్లో బస్సులు మారి, కాజీపేటలో చుట్టాలింట్లో పడుకుని వచ్చారు. లక్ష్మి ఆట నేర్చుకున్నది కల్లంలో, ఆకు కట్టలు ఎండే వేళల్లో. బంటు రెండు గళ్లు నడుస్తుందని ఆమెకూ ఆ పొద్దే తెలిసిందట. హోటల్ నడిపే అవ్వ ఇద్దరికీ ఇంకో గరిటె పప్పు వేసి "ఇద్దరు గెలువుండ్రి బిడ్డా" అంది. అట్ల కుదరదవ్వా అని అందరం నవ్వుకున్నాం.

ఫైనల్ మొదలయ్యేసరికి పెద్దమనిషి పక్క గదిలో మగపిల్లల ఆటలు చూడటానికి వెళ్లాడు. ఈ పిల్లలు ఎంత బాగా ఆడారో నేను చెప్పలేను. మధ్యలో లక్ష్మి తన రాజును గుర్రంలా దూకించింది. మా నాటు ఆటలో షా, అంటే చెక్, పడనంత వరకు రాజు ఆటకొక్కసారి అలా దూకవచ్చు. తర్వాత సుగుణ రాజు కూడా దూకింది. చివరికి సుగుణ బంటు ఏనుగు వరుసలో చివరి గడికి చేరి, మా పద్ధతి ప్రకారం ఏనుగైంది. ఆ ఏనుగుతోనే మాత్ కట్టి గెలిచింది. లక్ష్మి బల్ల మీదికి వంగి సుగుణ చెయ్యి పట్టుకుని "మంచిగ ఆడినవ్ అక్కా" అంది.

అప్పుడొచ్చాడు పెద్దమనిషి. బల్ల చూసి, "మంత్రిని తీసుకోవచ్చుగా, ఏనుగెందుకు?" అన్నాడు.

"ఏనుగు వరుసల చేరితె ఏనుగే అయితది గద సార్," అంది సుగుణ.

"మంత్రి ఎట్ల అయితది?" అంది లక్ష్మి ఆశ్చర్యంగా. "రాజు దూకుడు గూడ ఇద్దరికి అయిపోయింది సార్."

ఆయన "రాజు దూకడమా?" అని పగలబడి నవ్వి, పక్క గదిలో వాళ్లను పిలిచి మరీ చెప్పాడు. వాళ్లూ నవ్వారు. నవ్వడం అయ్యాక, ఇది అంతర్జాతీయ నిబంధనల ఆట కాదు కాబట్టి చెల్లదని, ఇద్దరి పేర్లూ కొట్టేస్తున్నానని, సుగుణ చేతిలో ఓడిన హనుమకొండ అమ్మాయిని రాష్ట్రానికి పంపుతున్నానని అన్నాడు. ఫైనల్ చూడటానికని ఆగిన ఆ పిల్ల తలెత్తలేదు.

"మల్ల ఆడుతం సార్. మీ రూల్సేందో జర చెప్పుండ్రి, గట్లనే ఆడుతం," అని సుగుణ బతిమాలింది.

"చూడమ్మా, మేం ఇక్కడికి ఎంపిక చేయడానికి వచ్చాం, నేర్పడానికి కాదు."

అప్పుడు లక్ష్మి లేచి నిలబడింది. "అయితె నా ఒక్క పేరే కొట్టేయుండ్రి సార్. నేను ఓడిపోయిన. ఎట్ల ఆడినా ఓడిపోతుంటి. ఆమెనన్న పంపుండ్రి."

ఆయన చెవిన వేసుకోలేదు. నేను కేకలేశాను, టేబుల్ మీద గుద్దాను, లక్ష్మి నాయిన నన్ను పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. తప్పు ఎత్తు పడితే వెనక్కి తీయించి ఆడించడమే పద్ధతని తర్వాత ఒక పుస్తకంలో చదివాను. ఆ పూట అది తెలిసినా ఆయన వినేవాడని నేను అనుకోను. సాయంత్రం బండికి నలుగురం కలిసే ఎక్కాం. కాజీపేటలో వాళ్లు దిగిపోయారు.

రష్యావాళ్ల బుర్రలు వేరు, మనవాళ్లకు అంత తెలివెక్కడిదని తర్వాతి రోజుల్లో చాలామంది నాతో అన్నారు. ఆ మాట వింటే నాకు ఆ పెద్దమనిషి నవ్వే గుర్తొస్తుంది. బుర్రల తేడా కాదు నాయనా. అక్కడ ముందు నేర్పుతారు, తర్వాత ఎంచుకుంటారు. ఇక్కడ నేర్పకుండానే ఎంచుకోవడానికి కూర్చుంటారు, రానివాళ్లను చూసి నవ్వుతారు. ఈ ఆట పుట్టిందే మన నేల మీదంటారు. దాని కొత్త నిబంధనలు మాత్రం తెలుగులో ఒక కాగితం మీద రాసి కేసముద్రానికో భూపాలపల్లికో పంపడం ఎవరికీ చేతకాలేదు. మద్రాసులో రష్యావాళ్ల సాయంతో ఒక క్లబ్బు నడిచింది, అక్కడి నుంచి ఆటగాళ్లు వచ్చారు. ఇందులో అంతుపట్టని మర్మం ఏముంది? మా పిల్లలకు కావాల్సింది భవనం కూడా కాదు, పొద్దున్నే పావుగంట కూర్చోబెట్టి చెప్పే ఒక్క మనిషి. ఆ ఒక్కడు దొరకక మా సుగుణ మళ్లీ పోటీకి వెళ్లలేదు.

మీ పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకు ఒక్క సలహా. మొదటి ఎత్తుకు ముందే నడిపేవాళ్లను నిలబెట్టి అడగండి: బంటు ఎలా నడుస్తుంది, చివరి గడిలో ఏమవుతుంది, రాజు ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు. చెప్పేదాకా పిల్లను బల్ల ముందు కూర్చోనివ్వకండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ నవ్వు ఆట మొదట్లోనే అయిపోవాలి, మా సుగుణ గెలిచాక కాదు.